మూడో చోటు

కంపెనీ హాస్టలు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 9

అక్కా,

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ మా ఫోన్లు తీసేసుకున్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ, వెళ్లేవైనా వచ్చేవైనా ఆఫీసులో మేడమ్ చదివాకే కదులుతాయి. కాబట్టి బావ జోకులు రాసి పంపకు, కంపెనీ పరువు పోతుంది. (మేడమ్ గారూ, నమస్కారం. ఇది సరదాకే.)

నేను సెలెక్టయ్యాను. మూడు వందల మందిలోంచి నలుగురిని తీసుకున్నారు. మా గ్రూపు పేరు 'జడివాన'. వరుసలో నాది ఎడమ నుంచి మూడో చోటు, అందుకని ఇక్కడ నా పేరే మూడు. ఇరవై ఏళ్లుగా నువ్వు పిలిచే బుడంకాయ్ కంటే ఇదే నయం.

నలుగురం అన్నాను గానీ నిజానికి ఐదుగురం. ఐదో అమ్మాయి మా నలుగురి పాటా ఆటా నేర్చుకుంటుంది. మేం అద్దాల ముందు నిలబడితే, తను వెనక నిలబడి మా వీపులు చూసి నేర్చుకోవాలి. మాలో ఎవరైనా పడకేస్తే ఆ చోటు తనది. పదిహేను రోజులు దాటినా మనిషి తిరిగి రాకపోతే ఆ చోటు ఇక శాశ్వతంగా తనదే. ఇంతకుముందు గ్రూపుకీ ఆమే ఇలా రెండేళ్లు వెనక నిలబడిందట, ఒక్కరికీ జలుబు కూడా చెయ్యలేదు. ఆమెని మేం స్టెప్నీ అంటాం. మొహం మీదే అంటాం, నవ్వుతుంది.

ఏప్రిల్లో మొదటి పాట వస్తుంది. చూడు.

నీ చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
ఏప్రిల్ 20

ఒసేయ్ బుడంకాయ్,

నీ పాట వచ్చి పన్నెండు రోజులైంది, మా ఆస్పత్రిలో పని సాగక కూడా పన్నెండు రోజులైంది. నేను ఎక్స్‌రే గది తలుపు తీసి నంబరు పిలిస్తే, టీవీ ముందు నుంచి 'ఈ పాట అయిపోనీ అమ్మా' అంటున్నారు. చెయ్యి విరిగినాయన కూడా అదే మాట. మీ బావ తన బస్సులో రోజంతా మీ పాటే పెట్టి, 'పాడేది మా మరదలు' అని ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ చెబుతున్నాడు. సాక్ష్యానికి నీ ముక్కు చీమిడి ఫొటో ఒకటి అద్దానికి అంటించాడు. దాంతో నమ్మే నలుగురూ నమ్మడం మానేశారు.

ఒక్క సంగతి అడుగుతాను. పదకొండేళ్లుగా మనుషులు నా గదిలోకి నడిచి రావడం చూస్తున్నాను. బల్ల ఎక్కకముందే నొప్పి ఎక్కడో తెలిసిపోతుంది నాకు. రెండో చరణంలో నలుగురూ గిర్రున తిరుగుతారు కదా. ముగ్గురు తిరిగారు. నువ్వు సగంలో ఆగి, బరువంతా కుడికాలి మీదకి మార్చుకుని, అప్పుడు తిరిగావు. ఎడమ మోకాలికి ఏమైంది? దాచకుండా రాయి.

అక్క


కుట్టు గది, బట్టల గుట్ట వెనక
ఏప్రిల్ 27

అక్కా,

ఇది ఆఫీసు గుండా రావడం లేదు. మాకు డ్రెస్సులు కుట్టే టైలర్ పిన్ని తన సంచిలో పెట్టుకెళ్లి పోస్టు చేస్తుంది. ఇకమీద కవరు వెనక ఉన్న ఆమె అడ్రసుకే రాయి.

నీకు బుద్ధుందా? మేడమ్ చదువుతుందని మొదటి ఉత్తరంలోనే చెప్పానా లేదా? నీ కాగితం చేత్తో పట్టుకుని ఆమె అద్దాల హాల్లోకి వచ్చింది. మ్యూజిక్ ఆపించింది. 'మూడూ, మీ అక్క నీ మోకాలి గురించి అడుగుతోంది. ఏమని జవాబు రాద్దాం?' అంది అందరి ముందూ.

అప్పుడు డాన్సు మాస్టారు అందుకున్నారు. 'ఆ తిరుగుడులో ఆపు నేను పెట్టిందేనండీ. షూటింగు రోజు ఆఖరి నిమిషంలో తోచింది, మూడు ఒక్కదానికే నేర్పే టైము దొరికింది. రేపట్నుంచి నలుగురికీ నేర్పుతున్నాను' అన్నారు. అబద్ధమని ఆయనకి తెలుసు, నాకు తెలుసు. వెనక నిలబడి మా వీపులే చూసే స్టెప్నీకీ తెలుసు. మేడమ్ మాత్రం తలాడించి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నలుగురం ఆగుతున్నాం.

నిజం అడిగావు కాబట్టి రాస్తున్నాను. షూటింగుకి నాలుగు రోజుల ముందు మోకాలు మెలిపడింది. అప్పట్నుంచి ఒక కోణంలోకి వెళ్తే గడియ పడినట్టు పట్టేస్తోంది. ఒక్క క్షణం ఆగి బరువు మారిస్తే వదులుతుంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి ఐసు పెట్టుకుంటున్నాను. ఆ ఐసు తెచ్చి బాత్రూం గుమ్మంలో పెట్టేది స్టెప్నీ. ఎందుకు తెస్తోందో అంతుపట్టడం లేదు. నేను కూలబడితే లాభం ఆమెకే కదా.

చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
మే 3

నా తల్లీ,

తప్పు నాదే. చెయ్యి ఊరుకోలేదు, రాసేశాను. ఇక నువ్వు తిట్టడం ఆపి నేను చెప్పేది విను.

గడియ పడినట్టు పట్టేస్తోందంటే అది బెణుకు కాదు. నా ఎక్స్‌రేలో ఎముక తప్ప ఏమీ కనపడదు, ఎముకల మధ్య ఉండే మెత్త చిరిగితే స్కానులోనే తెలుస్తుంది. పిన్నిని వెంటబెట్టుకుని ఎక్కడైనా చిన్న సెంటర్లో స్కాను తీయించుకుని, ఆ ఫిల్ము నాకు పంపు. ఇంతకంటే ఏమీ అడగను.

ఇక్కడ పిల్లల వార్డు ముందు వరండాలో రోజూ సాయంత్రం ఆటే. పాట మొదలెట్టగానే అందరూ తిరుగుతారు, సగంలో ఆగుతారు, కుడికాలి మీదకి ఒరుగుతారు. దానికి 'ఆగుడు' అని పేరు కూడా పెట్టుకున్నారు. నిన్న ఒక ఐదేళ్ల పిల్ల ఎంత బాగా ఆగిందంటే చుట్టూ నర్సులు చప్పట్లు కొట్టారు. నేను లోపలికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. అది నీ నొప్పని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

అక్క


కుట్టు గది
మే 16

అక్కా,

ఫిల్ము పంపుతున్నాను, పిన్ని చీర మడతలో దాచి తెచ్చింది. నువ్వు చూడు, నాకేం చెప్పకు. చెప్పినా వినే తీరిక లేదు.

నిన్న షాపు ప్రారంభానికి వెళ్తే వీధి వీధంతా నిండిపోయింది. కారు దిగనివ్వలేదు. అద్దానికి అటుపక్క వందమంది ఆడపిల్లలు నన్ను చూసి ఒకేసారి ఆగారు. ఆగుడు చొక్కాల మీద వేస్తున్నారు, గొడుగుల మీద వేస్తున్నారు. ఒక పెద్దాయన పేపర్లో రాశాడు, అందరూ తిరుగుతున్నప్పుడు ఒక ఆడపిల్ల తన ఇష్టానికి ఆగడం ఈ తరం ధిక్కారమట. దాన్ని కత్తిరించి బాత్రూంలో అంటించుకున్నాను. ఐసు పెట్టుకుంటూ చదువుకోవచ్చు.

జూన్ 12న టూరు మొదలు. నలభై రోజులు, ఇరవై ఆరు ఊళ్లు. అక్కా, నేను పుట్టినప్పట్నుంచి ఎవరి దుస్తులో వేసుకున్నాను, ఎవరి పుస్తకాలో చదివాను. ఈ ఒక్క చోటు నాది.

చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
మే 22

చెల్లీ,

చెప్పకు అన్నావు, చెప్పక తప్పదు. మా ఎముకల డాక్టరు గారికి ఫిల్ము చూపించాను. నీ పేరు మీద బొటనవేలు పెట్టి చూపించాను. మెత్త సగానికి పైగా చిరిగింది. నెలలోపు కుట్టు వేస్తే నిలుస్తుంది. ఈలోగా గెంతులేస్తే నలిగి ముక్కలైపోతుంది, అప్పుడు తీసి పారెయ్యడమే. తీసేస్తే ముప్ఫై ఏళ్లకే మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాలి. డాన్సు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఆయన అడిగారు, ఎవరమ్మా ఈ పేషెంటు, ఎందుకింత ఆలస్యం చేసిందని. ఎవరో దూరపు చుట్టం అన్నాను.

టూరు మానుకో. నీ కాళ్లు పట్టుకుంటాను.

అక్క


కుట్టు గది
మే 27

అక్కా,

టూరు అయ్యాక జులై ఆఖర్లో నేనే వచ్చి మీ ఆస్పత్రి బల్ల మీద పడుకుంటాను. కుట్టుకో, కోసుకో. ఇప్పుడు మానితే ఆపరేషనూ విశ్రాంతీ కలిపి మూడు నెలలు. పదిహేనో రోజుకే నా చోటు పోతుంది. ఈ మోకాలు ముప్ఫై ఏళ్లకి ఏమవుతుందో నాకు అనవసరం, నాకు ఇరవయ్యే.

మాస్టారు చెప్పరు, పిన్ని చెప్పదు. ఇక మిగిలింది నువ్వూ స్టెప్నీ. ఆమె నోరు విప్పితే నా బతుకు బండలే. అందుకని ఆమెతో నవ్వుతూనే ఉంటున్నాను. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టేసి రాయి. అమ్మ పోయిన రోజు నుంచీ నాకు మాటిచ్చి తప్పలేదు నువ్వు.

చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
జూన్ 1

చెల్లీ,

సరే. ఎవరికీ చెప్పను. నీ మీద ఒట్టు.

అక్క


ఆస్పత్రి క్వార్టర్సు
జూన్ 1

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నేను జడివాన గ్రూపులో మూడో అమ్మాయికి అక్కని. గతంలో నేను రాసిన ఉత్తరం మీరు చదివారని విన్నాను. ఇది మీరు చదవాలనే రాస్తున్నాను.

మా చెల్లి ఎడమ మోకాలి స్కాను నకలు, డాక్టరు గారి అభిప్రాయం జతచేశాను. ఆ ఆపు ఎవరూ పెట్టింది కాదు. దయచేసి ఆమెని టూరుకి తీసుకెళ్లకండి, వెంటనే ఆపరేషను చేయించండి. మీ దగ్గర పని చేస్తూ తగిలిన దెబ్బ కాబట్టి అది మీ బాధ్యత కూడా.

ఒక్క మనవి. ఈ సంగతి నా ద్వారా తెలిసిందని మా చెల్లికి తెలియనివ్వకండి. మా ఇద్దరికీ మేమిద్దరమే ఉన్నాం.

ఇట్లు,
ఎక్స్‌రే టెక్నీషియన్


టైలర్ పిన్ని ఇల్లు
జులై 2

అక్కా,

ఫోను తిరిగిచ్చారు గానీ నీ గొంతు వింటే ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను.

పిన్ని ఫోన్లో చెప్పింది ఆపరేషను సంగతి ఒక్కటే. అసలు జరిగింది ఇది. జూన్ 6న నన్ను కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. ఎందుకో చెప్పలేదు. ఆయన నా నాలుక చూడలేదు, నాడి చూడలేదు. సరాసరి ఎడమ మోకాలే పట్టుకుని వంచాడు. నేను అరిచాను. పదో తారీఖున ఆపరేషను, పన్నెండున వాళ్లు బస్సెక్కారు. నా డ్రెస్సు స్టెప్నీకి సరిపోయేలా పిన్నే నడుం దగ్గర కుట్టింది, ఏడుస్తూ కుట్టిందట. మొన్న ఇరవై ఏడుతో పదిహేను రోజులూ అయిపోయాయి. మూడో చోటు ఇప్పుడు ఆమెది.

ఎవరు చెప్పారో వేరే అడగాలా? ఐసు తెచ్చిపెట్టి, నొప్పి ఎంతుందో రోజూ చూసుకుని, అదను చూసి పొడిచింది. వెళ్లేముందు నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది. 'నువ్వే చెప్పావు కదూ' అన్నాను. కాదనలేదు. అవుననలేదు. తల దించుకుని వెళ్లిపోయింది. దాన్ని వదలను.

ఆపరేషనుకి నిన్ను రావద్దన్నందుకు బాధపడకు. నువ్వు వస్తే నేను బేలనైపోతాను.

చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
జులై 8

చెల్లీ,

కట్టు తడవనివ్వకు. కాలు ఎత్తు మీద పెట్టుకో. వాపు ఎలా ఉందో రాయి.

ఆ అమ్మాయి సంగతి వదిలెయ్యి. ఎవరు చెప్పారో మనకి తెలియదు కదా. ఎవరు చెప్పినా కాలు మాత్రం దక్కింది. మీ బావ నీకోసం ఒక చేతికర్ర కొన్నాడు, దానికి బస్సు హారను తగిలిస్తానంటున్నాడు.

అక్క


టైలర్ పిన్ని ఇల్లు
ఆగస్టు 1

అక్కా,

వదిలెయ్యి అంటావేమిటి? నీ ఉత్తరం చూస్తే ఎవరో నర్సు రాసినట్టుంది.

నేను వదల్లేదు. ఒక పత్రిక వాళ్లు వచ్చారు. 'నా చోటు నేను వదులుకోలేదు, నా వెనక నిలబడినవాళ్లు లాక్కున్నారు' అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, ఒక్కరోజులో దేశమంతా పాకింది. మొన్నటి షోలో ఏమైందో పిన్ని చూసి వచ్చి చెప్పింది. రెండో చరణం వరకూ జనం ఊగిపోయారట. ఆగుడు దగ్గరికి వచ్చేసరికి, ఆమె ముందుకొచ్చి ఆగగానే, హాలు హాలంతా వీపు తిప్పింది. అరుపులు లేవు, తిట్లు లేవు. ఎనిమిది వేల వీపులు. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ అదే జరుగుతోందట. టూరు ఇంకో రెండు నెలలు పొడిగించారు, అంటే ఇంకో రెండు నెలలు వీపులు.

మిగతా ముగ్గురూ ఆమెతో అన్నం తినడం లేదట. పిన్ని చెప్తూ, 'ఆ పిల్ల సగమైపోయింది, ఇక చాలమ్మా' అంది. మనసులో ఎక్కడో చివుక్కుమంది. కానీ హాయిగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

చెల్లి


ఆస్పత్రి క్వార్టర్సు
ఆగస్టు 7

చెల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

మేడమ్‌కి చెప్పింది నేను. నీ మీద ఒట్టు వేసిన రోజే, అదే కలంతో, ఆమెకి రాశాను. స్కాను నకలు కూడా పెట్టాను. నా పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాను. ఆ అమ్మాయికి ఇందులో ఏ పాపమూ తెలియదు.

ఆపరేషనుకి నువ్వు రావద్దన్నావు కాబట్టే రాలేదని అందరికీ చెప్పాను. నిజం వేరు. రావద్దన్నందుకు లోపల్లోపల సంతోషించాను, నీ మొహం చూసే ధైర్యం లేక. జులైలో నువ్వు ఆమె మీద పళ్లు నూరుతూ రాసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. వేరే మనిషి నా బదులు తిట్లు తింటుంటే ఊరుకున్నాను, నన్ను తిట్టడం లేదు కదా అని. నీ కాలి కోసం చేసిన పనికి నేను సిగ్గుపడను, మళ్లీ అయినా అదే చేస్తాను. ఆ తర్వాత ఊరుకున్నందుకు మాత్రం నాకు క్షమాపణ అడిగే మొహం కూడా లేదు.

ఎనిమిది వేల వీపులు అని నువ్వు రాసిన చోట నేను లేచి బయటికి వెళ్లిపోయాను. ఆ వీపులు నాకు తిప్పాల్సినవి.

నువ్వు ఇకమీద నాకు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

అక్క


టైలర్ పిన్ని ఇల్లు
ఆగస్టు 25

అక్కా,

పదకొండు రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని నీతో మనసులోనే పోట్లాడాను. రాసినవి చించేశాను. వాటిలో నిన్ను ఏమేం అన్నానో నీకు తెలియకపోవడమే మంచిది.

పన్నెండో రోజున టూరు మా ఊరికే వచ్చింది. పిన్నితో కలిసి వెనక దారిన వెళ్లాను. స్టెప్నీ మేకప్ అద్దం ముందు ఒక్కతే కూర్చుని ఉంది. నిజంగానే సగమైపోయింది. పిన్ని నడుం దగ్గర వేసిన కుట్టు మీద ఇంకో కుట్టు పడింది. నేను చెప్పాను, మా అక్కే రాసిందని తెలిసింది, నన్ను క్షమించు అని. ఆమె ఆశ్చర్యపోలేదు.

'నాకు తెలుసు. నన్ను నీ చోటులోకి పిలిచిన రోజు మేడమ్ ఆ ఉత్తరం నాకు చదివి వినిపించింది' అంది.

'మరి నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? పేపర్లో అంత వచ్చాక అయినా ఎందుకు చెప్పలేదు?'

'మీ ఇద్దరికీ మీరిద్దరే ఉన్నారని రాసింది మీ అక్క. చోటు ఎలాగూ పోయింది, అక్క కూడా పోతే నీకు ఎవరు మిగులుతారు అనుకున్నాను. నన్నంటే మొదట్నుంచీ ఎవరూ మనిషి కింద లెక్కెయ్యలేదు. ఇంకొంచెం తిట్టుకుంటారు, అంతే కదా అనుకున్నాను. ఇంత అవుతుందని తెలియదు.'

ఇది ఆమె మామూలుగా, కాటుక దిద్దుకుంటూ చెప్పింది. నేను నేల మీద కూలబడ్డాను. మోకాలు వంచకూడదని కూడా గుర్తు లేదు. ఐసు ఎందుకు తెచ్చేదానివని అడిగాను. 'నొప్పిగా ఉంటే తేరా?' అంది. ఆమె పేరేమిటో అడిగాను అక్కా. ఏడు నెలల తర్వాత, ఆ రోజు అడిగాను.

షోకి నేను జనంలోనే నిలబడ్డాను, ముందు నుంచి ఐదో వరుసలో, చేతికర్రతో. ఆగుడు వచ్చింది. ఆమె ముందుకొచ్చింది. హాలంతా వీపు తిప్పింది. నేనొక్కదాన్నే స్టేజీ వైపు మొహం పెట్టి నిలబడ్డాను. తిరిగినవాళ్లకి నా మొహం కనిపించింది. ఎవరో గుర్తుపట్టి నా పేరు అరిచారు. నేను చేత్తో స్టేజీ వైపు చూపించాను, అటు తిరగండి అని. నా చుట్టూ ఉన్న నాలుగైదు వరుసలు తిరిగాయి. మిగతా హాలు తిరగలేదు. నేను ఒక్క మాటతో మొదలుపెట్టింది ఒక్క సైగతో ఆగదని అప్పుడు తెలిసింది. మర్నాడు అదే పత్రికకి వెళ్లి అంతా చెప్పాను. నీ పేరు చెప్పలేదు, మా ఇంటి మనిషే చెప్పారని మాత్రం అన్నాను. వేశారు, లోపలి పేజీలో, చిన్నగా. ఊరూరా తిరిగి ఐదో వరుసలో నిలబడాల్సి ఉంది ఇంక. పిన్ని తోడొస్తానంది.

మూడో చోటు ఆమెదే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పిల్లలు వీధిలో ఆగుతూ ఆడుతుంటే ఇంకో దారిన వెళ్తున్నాను. డాక్టరు కుట్టు నిలిచిందన్నాడు. ఇంకో పదిరోజులు గెంతి ఉంటే కుట్టడానికి ఏమీ మిగిలేది కాదన్నాడు. ఇది నీకు సంతోషం కలగాలని రాయడం లేదు, నిజం కాబట్టి రాస్తున్నాను.

నీ మీద కోపం పోలేదు. పోతుందని మాట ఇవ్వను, మన ఇంట్లో మాటల సంగతి తెలిసిందే కదా. కానీ ఆమె అన్ని రోజులు అన్ని వీపులు మోసింది నాకు నువ్వు మిగలాలని. ఇప్పుడు నిన్ను వదిలేసుకుంటే ఆమె పడిందంతా దండగ.

సెప్టెంబరు 3న కర్ర లేకుండా నడిపిస్తారట. పొద్దున పది గంటలకి. నేను నీతో మాట్లాడకపోవచ్చు. నువ్వు రా.

చెల్లి